పదో చానల్‌కి ఇచ్చిన మాట

పోయిన వారం వర్నా హాలొరాన్‌ని స్టర్జన్ హార్బర్ విమానాశ్రయం బయట మంచులో, టాక్సీ కోసం చూస్తూ ఉండగా వదిలేశాం. పాపం, ఆ టాక్సీ వచ్చింది.

కొత్తగా చదువుతున్నవాళ్ళ కోసం రెండు ముక్కలు. అట్లాంటిక్ నెట్‌వర్క్ ఒకప్పుడు అమెరికా టెలివిజన్‌కి మకుటంలేని మహారాజు. ఆదివారం సాయంత్రం దాని బొమ్మ మొదలైతే వీధులు ఖాళీ అయిపోయేవి. తర్వాత రెండో స్థానం, ఆపైన మూడో స్థానం. మూడేళ్ళ కిందట టైర్లు చేసే కంపెనీ ఒకటి దాన్ని కొనేసింది. కొన్న ఏడాదే మాస్కో, కైరో ఆఫీసులు మూసేసి, న్యూయార్క్ మేడలో లిఫ్టు నడిపే ముసలాయన్ని కూడా ఇంటికి పంపించింది. అది చాలదన్నట్టు, నిన్నగాక మొన్న పుట్టిన వాన్‌గార్డ్ నెట్‌వర్క్ డిసెంబరులో ఫుట్‌బాల్ ప్రసార హక్కులు తన్నుకుపోయింది. ఫుట్‌బాల్ పోయాక, ఊరూరా అట్లాంటిక్ బొమ్మని ఇళ్ళకి చేరవేసే స్టేషన్ల ఓనర్లు ఒక్కొక్కరే వాన్‌గార్డ్ వైపు జారిపోతున్నారు. జారేవాళ్ళని పట్టి ఆపడమే వర్నా ఉద్యోగం. పంతొమ్మిదేళ్ళ పిల్లగా టెలిఫోన్ బోర్డు దగ్గర చేరి, వైస్ ప్రెసిడెంటయిన మనిషి. ఏ ఓనరు కూతురికి ఎప్పుడు పెళ్ళయిందో, ఎవరి అల్లుడు తాగుబోతో ఆమెకి నోటికొచ్చు.

విస్కాన్సిన్‌లో పదో చానల్ ఓనరు ఆర్విడ్ టాలెఫ్‌సన్ ఊగిసలాడుతున్నాడని కబురందింది. "నువ్వు వెళ్ళు వర్నా, నీ మాటే వింటాడు" అని ప్రెసిడెంట్ రసెల్ టీగ్ ఆమెని విమానమెక్కించాడు.

శుక్రవారం రాత్రి చేపల భోజనం అక్కడి ఆనవాయితీ కాబట్టి ఊరు ఊరంతా సరస్సు ఒడ్డున, సప్పర్ క్లబ్ అనే భోజనశాలలోనే ఉంది. వేపుడు చేపల వాసన గుమ్మంలోనే మొహానికి తగిలింది. మూల బల్ల దగ్గర ఆర్విడ్ లేచి నిలబడ్డాడు. డెబ్బయ్యేళ్ళు దాటినా ఆడమనిషి వస్తే కూర్చుని ఉండలేడు. వర్నా కోటు అందుకుని తనే తగిలించి వచ్చాడు. అతని కూతురు సిగ్నీ మాత్రం తల ఎత్తలేదు. పదో చానల్‌కి ప్రకటనలు తెచ్చేది ఆ పిల్లే. పిల్లంటే పిల్ల కాదు, నలభైకి దగ్గరపడింది, విడాకులైంది, నాలుక మాత్రం అంచు అరగని కత్తి.

"బ్రాందీయేనా, బంగారం?" అంది డార్లీన్. ఆ క్లబ్బు పుట్టినప్పటినుంచీ అక్కడ వడ్డిస్తున్న మనిషి ఆమె. ఎవరినైనా బంగారమనే అంటుంది, బిల్లు కట్టకపోతే తప్ప.

"బ్రాందీయే. చెర్రీ ఎక్కువ వెయ్యి."

చేపలు వచ్చాయి, కాబేజీ వచ్చింది, రై రొట్టె వచ్చింది. వర్నా తన పని మొదలుపెట్టింది. రాబోయే శరత్కాలానికి అట్లాంటిక్ ఏమేం తయారుచేస్తోందో చెప్పింది. ఆస్పత్రి కథ ఒకటి వస్తోంది, మొదటి భాగం చూసి గట్టి గుండెల వాళ్ళే కళ్ళు తుడుచుకున్నారు. బుధవారాలకి కొత్త కామెడీ.

"మీ కామెడీలు చూస్తూనే ఉన్నాం" అంది సిగ్నీ, చేప మీద నిమ్మచెక్క పిండుతూ. "మా అమ్మ అంత్యక్రియల్లో ఇంతకన్నా ఎక్కువ నవ్వులు వినపడ్డాయి."

"సిగ్నీ!" అన్నాడు ఆర్విడ్.

"ఏం, అబద్ధమా నాన్నా? మావయ్య ఆ హాలీబట్ చేప కథ చెప్పినప్పుడు చర్చి మొత్తం నవ్వింది."

వర్నా కూడా నవ్వబోయి ఆగిపోయింది. ఆ రోజు తనూ ఉంది ఆ చర్చిలో. అక్టోబరు చివర. ఆర్విడ్ భార్య బెర్గిట్ పెట్టెలో పడుకుని ఉంది. పక్కన ఆర్విడ్ చెట్టంత మనిషి కూలిపోయినట్టు కూర్చుని, "ఇల్లు పోయింది వర్నా. స్టేషనైనా ఉంటుందా నాకు?" అన్నాడు. చేతిలో చెయ్యేసి ఆమె చెప్పింది, "అట్లాంటిక్ తన వాళ్ళని వదలదు ఆర్విడ్. నేనున్నాను కదా."

ఆర్విడ్ ఫోర్కు కింద పెట్టాడు. చేప ముట్టుకోనేలేదు.

"వర్నా, రెండేళ్ళ కిందట వాన్‌గార్డ్ వాళ్ళు మొదటిసారి నా దగ్గరికి వచ్చినప్పుడు నీకు ఫోన్ చేశాను. జ్ఞాపకముందా?"

"ఎందుకు లేదు?"

"ఏమన్నావు?"

"పోవద్దన్నాను. గాలివాటం కంపెనీ, రెండేళ్ళు ఆగితే ఉండదన్నాను." ఆమె గ్లాసు తిప్పింది. "అది తప్పయింది. ఒప్పుకుంటాను. ఫుట్‌బాల్ మన చేతిలోంచి పోతుందని ఎవరనుకున్నారు?"

"నేను ఫుట్‌బాల్ సంగతి అడగటం లేదు." అతని గొంతు పెరగలేదు. అతనికి కోపమొస్తే గొంతు ఇంకా తగ్గుతుంది. "మొన్న ఆదివారం గడ్డకట్టిన సరస్సు మీద చేపల గుడిసెలో కూర్చుని ఉన్నాను. మంచుకి కన్నం కొట్టి గాలం వేసుకుంటే నన్నెవరూ పలకరించరు. డేల్ క్రూగర్ వచ్చాడు, సీసా పట్టుకుని."

డేల్ క్రూగర్ అదే ఊళ్ళో ఇరవైమూడో చానల్ మేనేజరు. దాని ఓనరు మాత్రం ఊరివాడు కాదు. పెద్ద పెద్ద నగరాల్లో స్టేషన్లున్న కంపెనీ ఒకటి చికాగోలో కూర్చుని దాన్ని నడుపుతుంది.

"సీసా సగమయ్యేసరికి ఏడుపు లంకించుకున్నాడు" అన్నాడు ఆర్విడ్. "నన్ను క్షమించు ఆర్విడ్, నాకే పాపం తెలీదు, పైవాళ్ళు చేశారు అని. ఏమిట్రా అంటే, ఆగస్టులో నా ఒప్పందం అయిపోగానే అట్లాంటిక్ బొమ్మ ఇరవైమూడో చానల్‌కి వెళ్ళిపోతుందట. నవంబరులో థాంక్స్‌గివింగ్ పండగ ముందే చేతులు కలిపేశారట."

వర్నా నవ్వింది. నిజంగానే నవ్వొచ్చింది ఆమెకి.

"డేల్ క్రూగరా! రెండు పెగ్గులు పడితే తను గవర్నరునని కూడా చెప్తాడు. వాడి మాట పట్టుకుని నిద్ర పాడుచేసుకున్నావా?"

"నేనూ అదే అనుకున్నాను" అన్నాడు ఆర్విడ్. "అందుకే నిన్నే అడుగుదామని ఆగాను. ఎదురుగా, మొహం చూసి."

"అడుగు."

"నిజమేనా?"

కాదు అని చెప్పడానికి నోరు తెరిచింది. ఆ ఒక్క మాట ఎందుకో పెదవి దాటలేదు. విమానమెక్కే ముందు రసెల్ అన్నది చెవిలో మోగింది. 'సోమవారందాకా అతన్ని దేని మీదా సంతకం పెట్టనివ్వకు. పాత రోజుల కబుర్లు చెప్పు. కూర్చోబెట్టు, అంతే.' కొత్త ఒప్పందం కుదుర్చుకు రమ్మనలేదు. కూర్చోబెట్టమన్నాడు. అప్పుడు అది అభిమానమనుకుంది.

"ఒక్క ఫోన్ చేసి వస్తాను" అని లేచింది.

"చెయ్యండి, చెయ్యండి" అంది సిగ్నీ. "ఏం చెప్పమంటారో కనుక్కోవాలిగా."

ఫోన్ డబ్బా కోట్లు తగిలించే చోటికీ వంటింటికీ మధ్య, ఇరుకు నడవలో ఉంది. రసెల్ ఇంకా ఆఫీసులోనే ఉన్నాడు. ఈ పని అతనికి అక్షరం అక్షరం నేర్పింది వర్నాయే. ఓనరు భార్యకి పువ్వులు ఎప్పుడు పంపాలో, ఎవరి ముందు సిగరెట్ ముట్టించకూడదో కూడా. చాలా ఏళ్ళు ఆమెని 'మిసెస్ హాలొరాన్' అనేవాడు. ప్రెసిడెంటయిన రోజు పొద్దున 'వర్నా' అని పిలిచాడు. స్నేహం పెరిగిందనుకుని ఆమె సంతోషించింది.

"రసెల్, ఒక్క మాటకి జవాబివ్వు. ఆగస్టు తర్వాత ఈ ఊళ్ళో మన బొమ్మ ఎవరి చానల్లో వస్తుంది?"

అటువైపు తలుపు మూసిన చప్పుడైంది.

"నీకెవరు చెప్పారు?"

అంతే. ఇంకేం అడగక్కర్లేదు. వర్నా గోడకి ఆనుకుంది. వంటింట్లో ఎవరో పళ్ళెం పగలగొట్టి తిట్లు తింటున్నారు.

"అంటే నిజమే."

"వర్నా, చూడు. ఇరవైమూడో చానల్ వాళ్ళ కంపెనీకి క్లీవ్‌లాండ్‌లో స్టేషనుంది, అట్లాంటాలో ఉంది. అవి వాన్‌గార్డ్‌కి పోతే మనం దుకాణం కట్టేసుకోవాలి. ఉంటామన్నారు, కానీ వాళ్ళ చిన్న స్టేషన్లకి కూడా మన బొమ్మ ఇమ్మని పట్టుబట్టారు. స్టర్జన్ హార్బర్ కూడా అందులో ఉంది. నువ్వు నా కుర్చీలో ఉంటే ఏం చేసేదానివి? అంత పెద్ద నగరాలు వదులుకుని ఈ చేపలూరు పట్టుకు వేళ్ళాడేదానివా?"

"మరి నన్నెందుకు పంపావు?"

"నీ మాట వింటాడు కాబట్టి. ఇప్పుడే అతను వాన్‌గార్డ్‌కి పోతే సోమవారం చికాగో మీటింగులో ఓనర్లందరూ బెదిరిపోతారు. ఆగస్టుదాకా నిలిచి ఉంటే చాలు."

"ఆగస్టు తర్వాత ఆర్విడ్ ఏమైపోతాడు?"

"ఏముంది, పాత సినిమాలు వేసుకుంటాడు."

"స్టేషన్లో ఆ మనుషులందరూ..." తెల్లారుజామున పందుల ధరలు చదివే గుస్, వాతావరణం చెప్పే కుంటి బెర్నీ, మేకప్ గదిలో కునికే డోరతీ, వరసగా కళ్ళముందు కదిలారు. అందరింట్లోనూ కాఫీ తాగింది. "రసెల్, బెర్గిట్ శవం ముందు నిలబడి మాటిచ్చాను నేను."

"నేను ఇమ్మనలేదే!"

నిజమే, ఇమ్మనలేదు. రెండేళ్ళుగా ఒక్కో ఓనరు దగ్గరికీ ఆమెని పంపాడు. మాటలన్నీ ఆమె నోటే పలికించాడు. తన నోరు శుభ్రంగా ఉంచుకున్నాడు. తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఇదే. గుడ్డ పట్టుకున్న చెయ్యి మాత్రం వర్నాది.

"ఇంకో రెండేళ్ళలో పింఛను పుచ్చుకుని పోతావు" అన్నాడు రసెల్ మెత్తగా. "ఇప్పుడెందుకు నీకీ గొడవ? లోపలికెళ్ళు. డేల్ తాగుబోతు అని చెప్పు. అబద్ధం కూడా కాదు. చెప్తావుగా?"

ఆమె ఫోన్ పెట్టేసింది.

బల్ల దగ్గరికి వచ్చేసరికి చేపల మీద నూనె పేరుకుంది. వర్నా కూర్చుంది. వెంటనే లేచి నిలబడింది. ఇలాంటిది కూర్చుని చెప్పేది కాదనిపించింది.

"డేల్ చెప్పింది నిజం. పండగ ముందే అమ్మేశారు నిన్ను. నిన్ను కదలనివ్వకుండా పట్టుకోవడానికే నన్ను పంపారు. నాకు తెలీదు ఆర్విడ్. తెలీదంటే నమ్మమని అడిగే మొహం కూడా లేదు నాకు."

"భలే!" అని సిగ్నీ చప్పట్లు కొట్టింది. పక్క బల్లవాళ్ళు తిరిగి చూశారు. "బ్రహ్మాండంగా వచ్చింది. ఇప్పుడు కాస్త ఏడవాలి కదా? మీ ఆస్పత్రి కథలో వేషమిస్తారు మీకు."

"నన్నేమైనా అను సిగ్నీ. కానీ ఇవాళ, ఈ క్షణమే వాన్‌గార్డ్ వాళ్ళకి ఫోన్ చెయ్యండి. సంతకం పెట్టండి. నేనే చెప్తున్నాను, పెట్టండి."

సిగ్నీ మొహం మారిపోయింది. వెటకారం ఎక్కడికి పోయిందో, దాని కింద ఉన్నది బయటపడింది. నిద్రలేని మనిషి మొహం అది.

"చెప్పు నాన్నా" అంది. "ఈవిడకి చెప్పు, సాయంత్రం ఏం చేశావో."

ఆర్విడ్ కిటికీలోంచి సరస్సు వైపు చూస్తున్నాడు. చీకట్లో ఏమీ కనపడదు, దూరంగా గుడిసెల్లో దీపాలు తప్ప.

"నువ్వు చెప్పవులే, నేనే చెప్తాను. వాన్‌గార్డ్ వాళ్ళు ఇవాళ సాయంత్రం ఐదింటిదాకా గడువిచ్చారు మిసెస్ హాలొరాన్. కాగితాలు బల్ల మీదున్నాయి. కలం మూత కూడా తీసి ఈయన చేతిలో పెట్టాను. ఏమన్నాడో తెలుసా? 'వర్నా దారిలో ఉంది. ఇన్నేళ్ళు మీ అమ్మ చేతి వంట తిన్న మనిషి. ఆమె మొహం చూడకుండా వెనకనుంచి సంతకం పెడితే అది దొంగతనమే' అన్నాడు. బతిమాలాను. అరిచాను. కుర్చీలోంచి కదల్లేదు. ఐదు దాటాక వాళ్ళే ఫోన్ చేశారు. పదిహేడో చానల్‌తో కుదిరిపోయిందట. చాకులూ, మూకుళ్ళూ అమ్ముకునే చానల్ అది! దాంతో!"

వర్నా బయట మంచులో టాక్సీ కోసం చూస్తూ, ఆర్విడ్‌తో ఏం మాట్లాడాలా అని మాటలు పేర్చుకుంటున్నప్పుడు, ఇక్కడ అతని బతుకు గడువు దాటిపోయింది. అదీ తనకోసమే. ఇటు అట్లాంటిక్ లేదు, అటు వాన్‌గార్డ్ లేదు. రెంటికీ చెడ్డ రేవడైంది పదో చానల్.

"ఒక్క ఫోన్ చేసి అడగాల్సింది నన్ను" అంది వర్నా.

"ఫోన్లో చాలామంది చాలా చెప్తారు" అన్నాడు ఆర్విడ్. ఇప్పుడామె వైపు తిరిగాడు. ఆ చూపులో కోపముంటే బాగుండుననిపించింది వర్నాకి. "నువ్వు నాతో తెలిసి అబద్ధమాడావా లేదా అన్నదొక్కటే తెలుసుకోవాలనుకున్నాను. తెలిసింది, ఆడలేదు. కాస్త ఖరీదెక్కువైంది, అంతే." చేప పళ్ళెం పక్కకి నెట్టాడు. "కూర్చో. చల్లారిపోతోంది."

ఆ 'కూర్చో' అన్న మాట చెంపదెబ్బకన్నా గట్టిగా తగిలింది ఆమెకి.

కూర్చోలేదు. డార్లీన్ దగ్గర చిల్లర అడిగి తీసుకుంది. మళ్ళీ ఇరుకు నడవలోకి నడిచింది. వెనక అడుగుల చప్పుడైతే తిరిగి చూడకుండానే ఎవరో తెలిసిపోయింది.

"ఇప్పుడెవరికి?" అంది సిగ్నీ. "మీ వాడికేనా, పని అయిందని చెప్పడానికి?"

"సోమవారం చికాగోలో ఓనర్లందరి ముందూ నిలబడి రసెల్ ఒక మాట అనబోతున్నాడు. 'అట్లాంటిక్ తన వాళ్ళని వదలదు' అని. ఆ ప్రసంగం నేనే రాసిచ్చాను." వర్నా చిల్లర వేస్తూనే ఉంది. "మీలాంటి చిన్న ఊళ్ళు ఇంకెన్ని తాకట్టు పెట్టాడో నాకు తెలీదు. అతను వేదిక ఎక్కేలోపు ఒక్కొక్కరికీ నేనే చెప్తాను. అందరూ కలిసి లేచి నిలబడితే మీ నాన్నని వదిలెయ్యడం అంత తేలిక కాదు. లవీనియా పోటీట్‌తో మొదలుపెడతాను. ఆమె ఒక్కతె కదిలితే టెక్సస్ సగం కదులుతుంది."

సిగ్నీ వెళ్ళిపోలేదు. చేతులు కట్టుకుని గోడకి ఆనుకుంది.

టెక్సస్‌లో, అమరిల్లో ఊళ్ళో ఫోన్ మోగింది. లవీనియా పోటీట్ భర్త పోయాక రెండు స్టేషన్లు ఒంటిచేత్తో నడుపుకొస్తున్న మనిషి. మామూలుగా మాట్లాడినా పశువుల మందని అదిలిస్తున్నట్టే ఉంటుంది. వర్నా కూతురు పుట్టినప్పుడు సొంత చేత్తో కుట్టిన దుప్పటి పంపింది.

"లవీనియా, నేను వర్నాని. నీతో ఒక సంగతి..."

"నువ్వా!" ఆ అరుపుకి వర్నా ఫోను చెవికి దూరంగా పట్టుకుంది. నడవ అంతా వినపడింది. "నాకు ఫోన్ చెయ్యడానికి నీకు మొహమెలా వచ్చింది? రసెల్ ఇప్పుడే చెప్పి పెట్టేశాడు. అందరికీ చెప్తున్నాడట, మాకు తెలియాలని."

"ఏం చెప్పాడు?"

"నిన్ను తీసేశానని చెప్పాడు! వాన్‌గార్డ్ వాళ్ళ దగ్గర డబ్బు తిని, ఆ విస్కాన్సిన్ ముసలాయన్ని అటు తోసెయ్యడానికి వెళ్ళావటగా? పెళ్ళాం పోయి నాలుగు నెలలు కాలేదు, ఆయన బల్ల దగ్గరే కూర్చుని! నా ఇంట్లో నా పిల్లల పక్కన కూర్చుని తిన్నావే నువ్వు! నిజం చెప్పు వర్నా, ఆర్విడ్‌ని ఎంతకి అమ్మావు?"

ఇంత జీవితమూ మాటల మీదే బతికిన వర్నాకి, తన మాట నమ్మేవాళ్ళు ఈ క్లబ్బు దాటితే దేశంలో ఒక్కరూ మిగల్లేదని ఆ క్షణంలో తెలిసింది.

గోడకి ఆనుకున్న సిగ్నీ అంతా విన్నది. ఆ మాటలు అబద్ధమని తెలిసిన మనుషులు ఈ భూమ్మీద ఇద్దరో ముగ్గురో. అందులో తనొకతె. వర్నా మీద అందరికన్నా కసి ఉన్నదీ తనకే.

ఆమె నెమ్మదిగా గోడ వదిలి ముందుకొచ్చి, చెయ్యి చాచింది.

"ఆ ఫోన్ ఇలా ఇవ్వండి" అంది.